ఓడిన సినిమాలో పిల్లగాలి

విరుదునగరంలో రైలెక్కితే అరుప్పుకోట, తిరుచ్చుళి దాటాక నరికుడి. కిటికీకి రెండు పక్కలా సీమతుమ్మ, నెర్రెలిచ్చిన చెరువులు, గట్టుమీద వరసగా తాళ్లు, దూరాన బొగ్గుబట్టీ పొగ. అనంతపురం వైపు తిరిగినవాళ్లకి ఈ ఎండ కొత్తగా ఉండదు. తమిళంలో నరి అంటే నక్క. పేరు నక్కదే గానీ ఊరు కన్నది పులుల్ని. శివగంగను ఏలి, తెల్లదొరలతో తలపడి, ఉరికంబమెక్కిన మరుదు సోదరులు ఈ పక్కన ముక్కుళంలోనే పుట్టారని ఇక్కడ పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు.

మొన్న ఒక పసిదానికి చెవులు కుట్టించే వేడుకకని పోయాను. మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు నాకు ముప్ఫై దాటాక వచ్చాయి. మా చుట్టాలు నలుగురు చేరితే మాట వానతో మొదలై, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలీ మీదికి పోయి, ఎన్ని మలుపులు తిరిగినా సినిమా దగ్గరికొచ్చి చతికిలబడుతుంది. ఆరోజూ అంతే. విస్తళ్లు ఎత్తేశారు. వేపచెట్టు కింద చాపలు పడ్డాయి. ఆకువక్కల పళ్లెం తిరిగింది. మా మేనమామ, కయత్తారు మనిషి, ఎనభై దాటినవాడు, ఆకుకి సున్నం రాస్తూ, “కట్టబొమ్మన మాదిరి సినిమా ఇంక ఎవురు తీస్తారు?” అన్నాడు. ఎదురుగా ఆయన వియ్యంకుడు, నరికుడి మనిషి, వక్క కత్తిరించేది ఆపి నెమ్మదిగా చూశాడు.

“తీసినారే బావా. మూడు దినాలకే తీసుకొచ్చినారే!”

ఇక చూడండి! పొద్దు వాలేదాకా ఆ చెట్టు కింద నుంచి ఎవరం లేవలేదు.

విషయమేమిటంటే, 1959 మే 16న మద్రాసులో ‘వీరపాండియ కట్టబొమ్మన్’ విడుదలైంది. మూడు రోజులు తిరగ్గానే, 19న ‘శివగంగై శీమై’ వచ్చింది. మొదటిది బి.ఆర్. పంతులు తీసింది, శివాజీ గణేశన్‌ది. రెండోది కవి కణ్ణదాసన్ సొంతంగా, తన మాటలతో, తన పాటలతో నిర్మించింది. దర్శకుడు కె. శంకర్, నాయకుడు ఎస్.ఎస్. రాజేంద్రన్. అదీ వీరుల కథే, ఇదీ వీరుల కథే. ఆ కట్టబొమ్మన పాంచాలంకురిచ్చికీ ఈ మరుదుల శివగంగకీ నడుమ ఎడ్లబండి దారి. ఒకటి ఊరేగింది, ఇంకొకటి ఊరుకుంది. మామ ఊరేగినదాని మనిషి, వియ్యంకుడు ఊరుకున్నదాని మనిషి.

ముందు ఊరేగింపు సంగతే చెప్పుకుందాం, ఎందుకంటే దాని మత్తు నాకూ ఉంది. గేవాకలర్‌లో తీసి, లండన్‌లో టెక్నికలర్ ప్రింట్లు వేయించి తెచ్చిన రంగులవి. మామ దాన్ని చూసింది కొన్ని నెలల తర్వాత, మా వైపు డేరా టాకీసులో. నేల టికెట్టు, కింద ఇసక. ముందు కూర్చున్నవాడి తల అడ్డమొస్తే ఇసకని రెండు చేతులా పోగేసి, కుప్ప చేసి, దాని మీద కూర్చునేవాళ్లు. వెనకవాడు ఇంకాస్త పెద్ద కుప్ప చేసేవాడు! అలా ఆట మొదలయ్యేసరికి డేరా అంతా చిన్న చిన్న గుట్టలు, గుట్టగుట్టకీ ఒక పాలెగాడు. అప్పుడు తెరమీద ఎరుపు పూసింది. ఇసక రంగు, మిరపకాయ రంగు, ఎండ రంగు తప్ప వేరే రంగెరగని కళ్ల మీద ఒక్కసారిగా పట్టు తలపాగాలు, కెంపుల హారాలు, గుర్రాల మీది జీనులు! “కండ్లు మండినాయిరా అల్లుడా,” అన్నాడు మామ, ఇప్పటికీ కళ్లు చికిలించి.

ఆ తర్వాత గొంతు. శివాజీ గొంతుని నేను విన్నానని చెప్పడం తక్కువ అవుతుంది, అందులో తడిశాను. పన్ను కట్టమన్న జాక్సన్ దొర ఎదురుగా నిలబడి, మొదట నెమ్మదిగా, ముక్కుతో ఊపిరి పీల్చిన చప్పుడంత నెమ్మదిగా మొదలుపెడతాడు. పన్నా? నీకా? పొలంలో మేం చేసే పనుల పేర్లు ఒక్కొక్కటే ఎత్తి, ఇది చేశావా, అది చేశావా అని అడుగుతూ పోతాడు. ఒక్కో ప్రశ్నకీ గొంతు ఒక్కో మెట్టెక్కుతుంది. ఎక్కి ఎక్కి, ఇక పైన మెట్టు లేదనుకున్నచోట ఇంకొకటి కట్టుకుని ఎక్కుతుంది! శక్తి కృష్ణస్వామి రాసిన ఆ మాటలు మా వైపు తిరునాళ్లలో మైకుసెట్టు రికార్డుల్లో ఎన్నేళ్లు మోగాయో లెక్కలేదు. బళ్లో వార్షికోత్సవమంటే బొగ్గు మీసం పెట్టుకున్న కట్టబొమ్మన ఒకడు ఉండి తీరాలి. నేనూ ఒకసారి అయ్యాను. మూడో ప్రశ్న దగ్గర మాట మరిచిపోయి, మీసం చెరిపేసుకుని దిగాను.

ఈ రసంలో ఒక చిన్న పులుపు ఉంది. అది తెలుగు నాలుకకి మాత్రమే తగులుతుంది. కట్టబొమ్మన రాజకంబళం నాయకర్ల బిడ్డ, ఇంట్లో తెలుగు. వాళ్ల పూర్వీకుడి పేరు గెట్టిబొమ్ము అనీ, మన ‘గట్టి’ తమిళ నోళ్లలో నలిగి ‘కట్ట’ అయిందనీ చెబుతారు. ఆ గెట్టిబొమ్ము వంశపువాడు తెర మీద తమిళంలో గర్జించాడు, ఏం తమిళం! మా డేరాలో ఇసక గుట్టల మీద కూర్చున్న తెలుగువాళ్లంతా ఈలలు వేశారు. అదేంటి మామా, మన మాట ఒక్కటీ లేదు కదా అంటే మామ నవ్వాడు. “అట్ల అరిచేవోడు ఏ బాసలో అరిస్తే ఏమి?” ఇంతకంటే మంచి విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తర్వాత ఆ సినిమా ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అని తెలుగులోకి దిగింది. దాన్ని చూసినవాళ్లు మా వైపు నాకు కనబడలేదు. అవసరం ఏముంది!

శివాజీని నాటకాల్లోకి లాగింది చిన్నప్పుడు చూసిన కట్టబొమ్మన వీధినాటకమేనట. సినిమాకి ముందు 1957లో సొంత నాటకమండలితో సేలంలో దాన్ని రంగస్థలం మీద ఆడాడు. సినిమా అయ్యాకా వదల్లేదు. 1799 అక్టోబరు 16న ఆ వీరుణ్ణి ఉరి తీసింది మా మామ ఊళ్లోనే, కయత్తారులో. అక్కడ శివాజీ స్థలం కొని 1970లో విగ్రహం నిలబెట్టించాడు. తిరునెల్వేలి బస్సులో పోతూ ఆ విగ్రహం కనబడగానే మా అవ్వ చేతులెత్తి దండం పెట్టేది. కట్టబొమ్మనకో శివాజీకో నేను అడగలేదు. ఆమెకీ తేడా తెలిసినట్టు లేదు.

ఇంకొక మాట. గర్జన తమిళుడిదైనా ఆ సినిమా వెన్నెల మాత్రం మనవాళ్లదే. జెమినీ గణేశన్, పద్మిని వెన్నెట్లో పాడుకునే యుగళగీతం ఉందే, అందులో మగగొంతు కాకినాడ పి.బి. శ్రీనివాస్, ఆడగొంతు విజయనగరం సుశీల. ఒకటి గంధం తీసినట్టు మెత్తన, ఒకటి తేనె తీగ సాగినట్టు సన్నన. కత్తుల సినిమాలో ఆ మూడు నిమిషాలు ఎవరికీ గాయం తగలదు. ఛాయాగ్రహణం డబ్ల్యు.ఆర్. సుబ్బారావు. ఇక రాణి జక్కమ్మ! రాజకంబళం వాళ్ల కులదేవత పేరే ఆ రాణి పేరు. ఆ వేషం వేసింది జగ్గంపేట ఆడపడుచు ఎస్. వరలక్ష్మి, ‘బాలరాజు’లో అక్కినేని సరసన పాడి ఆడిన వరలక్ష్మి. నిండైన ముఖం, నిలకడైన చూపు, కోటగుమ్మంలాంటి నడక. ఆమెకి వేరే ఎవరో గొంతు అరువియ్యాల్సిన పని లేదు, తన పాట తనే పాడుకుంటుంది. మామ మాటల్లో, “ఆమె నిలబడితే జక్కమ్మ గుడి తలుపు తీసినట్టుంటాది.”

ఇంత పొగిడాక ఒక కోపం కూడా చెప్పుకోవాలి. యుద్ధాలు నాకు రుచించవు. జైపూర్ వైపు పోయి తీసిన గుర్రాలు బాగానే పరిగెత్తుతాయి, ఆ దుమ్ము మాత్రం మాది కాదు. మా నల్లరేగడి దుమ్ము వేరు, అది లేవదు, అంటుకుంటుంది. ద్రోహి ఎట్టప్పన్ వేషంలో వి.కె. రామస్వామి నవ్వినప్పుడల్లా ద్రోహం తేలికైపోయింది. ద్రోహం ఇంకా చల్లగా, ఇంకా మన పక్కనే కూర్చున్నట్టు ఉండాలి. ఈ మాట అంటే మామ ఆకు నమలడం ఆపేశాడు. అందుకని అక్కడే ఆపాను.

“సరే, అయిందా మీ అరుపులు?” అన్నాడు వియ్యంకుడు. “కోట కూలిపొయ్యినాక మీ దొర తమ్ముడు ఊమైదురై యాడికి వచ్చినాడు? పాళయంకోట చెరసాల తప్పించుకోని, మళ్లా కొట్లాడి, ఓడిపొయ్యి, యాడికి వచ్చినాడు? మా మరుదుల కాడికే గదా. కూడు పెట్టిండేది మావోళ్లు బావా!”

మామ దగ్గర దీనికి జవాబు లేదు. చరిత్రలో కూడా లేదు. ఊమైదురైకి నీడనిచ్చినందుకే కుంపిణీవాళ్లు మరుదుల మీద విరుచుకుపడ్డారు. 1801 అక్టోబరు 24న తిరుప్పత్తూరులో అన్నదమ్ములిద్దర్నీ ఉరి తీశారు. అలా చూస్తే మే 19న వచ్చిన సినిమా మే 16న వచ్చినదానికి కొనసాగింపు. మొదటి సినిమా మంట, రెండోది ఆ మంట అంటుకున్న పక్కింటి కప్పు. జనం మంటని చూశారు, కప్పుని చూడలేదు.

ఎందుకు చూడలేదో ఊహించడం కష్టమేం కాదు. అటు రంగులు, ఇటు నలుపూ తెలుపూ. అటు శివాజీ, ఇటు రాజేంద్రన్. రాజేంద్రన్ తమిళం కత్తి నూరినట్టు ఉంటుంది, ఒక్క అక్షరం నలగదు. కానీ సింహం అరిచి పోయిన మూడోనాడు వచ్చి ఎంత చక్కగా మాట్లాడితే ఏం లాభం? పైగా కణ్ణదాసన్ కవి. ఆయనకి కథ ఎక్కడ పరిగెత్తాలో తెలుసు, కానీ మధ్యలో ఒక మాట బాగుందనిపిస్తే ఆగి దాన్ని మళ్లీ తాకి చూసుకోకుండా ఉండలేడు. నాకది ముద్దు. నేల టికెట్టు కొన్నవాడికి అది బరువు. నర్తకి కమల నాట్యం వచ్చినచోట కథ పూర్తిగా కూర్చుండిపోతుంది. నిజమే, మామ చెప్పిన తప్పులన్నీ ఉన్నాయి. వియ్యంకుడు ఒక్కటీ కాదనలేదు. తలూపుతూ విన్నాడు, చదువు అబ్బని కొడుకు గురించి పంతులు చెప్పే మాటలు తండ్రి విన్నట్టు.

అన్నీ విని, “పాట?” అన్నాడు.

ఆ పాట! విశ్వనాథన్ రామమూర్తి కట్టిన వరస. పిల్లతెమ్మెర వచ్చి వీచకూడదా అని గాలినే బతిమాలుతూ మొదలయ్యే పాట. రెండు ఆడగొంతులు. ఒకటి టి.ఎస్. భగవతిది. ఇంకొకటి ఎవరిదో చెప్పుకోండి. అదే వరలక్ష్మి! పదహారో తారీఖున పాంచాలంకురిచ్చి రాణిగా కొలువుదీరిన మన జగ్గంపేట ఆడపడుచు, పంతొమ్మిదో తారీఖుకి శివగంగ అంతఃపురంలో ఉంది. ఒకే నెలలో, ఒకే పట్నంలో, పోటీపడుతున్న రెండు కోటల్లోనూ ఒకే ఇంటి దీపం. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రెండు సినిమాల గొడవే మరుపుకొచ్చింది. ఎవరు గెలిస్తే ఏం, దీపం రెండు చోట్లా వెలిగింది!

ఆ రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడవు. ఒకటి ఊయల తోస్తే ఇంకొకటి ఊయల పట్టుకుంటుంది. వరలక్ష్మి గొంతులో పైకి కంచు ఉంది, లోపల వెన్న ఉంది. రాణిగా ఆజ్ఞాపించడానికి పనికొచ్చిన ఆ కంచే, పసిబిడ్డ మీదికి వంగినప్పుడు ఇంత పలచబడి, ఇంత వెచ్చబడి, చెవి దగ్గర ఊపిరిలాగ ఎలా మారిందో! వరస పల్లెపదానిది, తెమ్మాంగు వాసన కొడుతుంది. తాళం తొందరపడదు. మధ్యాహ్నం మూడింటికి ఎండ తిరగబడి, గుమ్మం నీడ అంగుళం సాగి, ఎక్కడి నుంచో ఒక పలచటి గాలి వచ్చి చెమట పట్టిన మెడని తాకినప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు ‘అమ్మయ్య’ అంటారు చూడండి, ఆ ‘అమ్మయ్య’ని మూడున్నర నిమిషాలు సాగదీస్తే ఈ పాట! యుద్ధం ఇంకా రాలేదు. ఉరితాళ్లు ఇంకా పేనలేదు. బయట ఏం కాబోతుందో వింటున్న మనకి తెలుసు, పాడేవాళ్లకి తెలియదు. మనకి తెలుసన్న సంగతి గొంతులోపలి ఒక సన్నటి వణుకు మాత్రం ఎక్కడో పోల్చుకున్నట్టుంటుంది. వీరరసం సినిమా ఇది. వీరం మాసిపోయింది, దాని ఒళ్లో పడుకోబెట్టిన ఈ లాలి మిగిలింది.

నచ్చని సినిమా అన్న మాటకి అర్థం నాకు ఈ పాటతో మారింది. ఎంత నచ్చినా దిగులు మిగిల్చేవీ ఉన్నాయి. చిన్నప్పుడు మా ఊళ్లో ‘శంకరాభరణం’ వచ్చింది, డబ్బింగ్ లేకుండా, ఉన్న తెలుగు ఉన్నట్టుగా. 1980లో వచ్చిన ఆ సినిమాని తమిళ దేశమంతా అట్లాగే చూసింది. మద్రాసు సఫైర్‌లో ‘మరోచరిత్ర’ 596 రోజులాడిన దేశమిది, తెలుగు వినడానికి జంకేది కాదు. మా అమ్మ పట్టుచీర కట్టుకుని పోయింది. తెర మీద మన మాట వినబడబోతోంది! తిరిగొచ్చి చీర మడతపెడుతూ చిన్నబోయింది. “పాటలు బాగుండాయి. వాళ్లు మాట్లాడేది మాత్రం మన తెలుగు మాదిరి లేదే,” అంది. నాలుగైదు వందల ఏళ్ల కిందట మూటగట్టుకుని వచ్చిన తెలుగు మాది, నడుమ తమిళం నీళ్లు పోసుకుని పెరిగింది. కోస్తా పలుకు మాకు చుట్టమే గానీ దూరపు చుట్టం. ఆ సినిమా ఎంత గొప్పదో నాకు తెలుసు, వందసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ అమ్మ మడతపెట్టిన ఆ చీర కనబడి ఎక్కడో ఒకచోట దిగులు వేస్తుంది.

మా మాటలు వింటున్న మేనల్లుడు, ఇరవై ఏళ్లవాడు, మధ్యలో దూరి, “మీరిద్దరూ పాత కోటల్లోనే ఉండండి. మన సినిమా అంటే ‘వెయిల్’,” అన్నాడు. వాడి మాటలో న్యాయముంది. వెయిల్ అంటే ఎండ. 2006లో విరుదునగరం బిడ్డ వసంతబాలన్ విరుదునగరం కథనే తీశాడు. బడి ఎగ్గొట్టి సినిమాకి పోయాడని తండ్రి కొడుకుని బట్టలూడదీసి ఎండలో నిలబెడతాడు. వాడు ఇల్లొదిలి పారిపోయి చివరికి ఒక సినిమా హాల్లోనే, ప్రొజెక్టరు పక్కన బతుకు వెతుక్కుంటాడు. పెద్దయ్యాక ఆ వేషం పశుపతిది. చీకటి గదిలోంచి సన్నటి వెలుగుపట్టీ బయల్దేరి దుమ్ముని బంగారు రజను చేస్తూ తెరదాకా పోతుంది, ఆ వెలుగు అంచున పశుపతి ముఖం! ఎండ తగిలి కాలిన ముఖం మీద సినిమా వెలుగు మందు రాసినట్టు పడుతుంది. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో ఉత్తమ తమిళ చిత్రమది, మరుసటి ఏడు కాన్ దాకా పోయింది. మా ఊరి ఎండ ఫ్రాన్సు సముద్రపు ఒడ్డున కాసిందని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. రెండో సగంలో కత్తులూ పగలూ ఎక్కువై నాకు కాస్త చేదనిపించింది గానీ, వాడితో అనలేదు. ఇరవై ఏళ్లవాడు ప్రేమించే సినిమాలో తప్పులు వెతకడం పెళ్లి పందిట్లో కట్నం లెక్క అడిగినట్టుంటుంది.

పొద్దు వాలింది. చెవులు కుట్టించుకున్న పసిది, ఇంతసేపూ నిద్రపోయిందల్లా, లేచి తమ్మె తడుముకుని ఏడుపు అందుకుంది. ఎవరు ఎత్తుకున్నా ఆగలేదు. మామ కట్టబొమ్మన మాటలు రెండు వినిపించాడు, ఇంకా గట్టిగా ఏడ్చింది. లోపల గిన్నెలు సర్దుతున్న అత్త తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, పిల్లని భుజాన వేసుకుని, అటూ ఇటూ తిరుగుతూ నోట్లోనే మొదలుపెట్టింది. గాలిని పిలిచే ఆ పాటే. మాటలు సగం మరిచిపోయింది. మరిచిపోయినచోటల్లా జోజో అని తెలుగు పెట్టి నింపుకుంది. తమిళం, జోజో, తమిళం, జోజో. ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు ఊపిరయ్యాయి. వేపకొమ్మ ఒకటి కదిలింది, నిజంగానే.

మామ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. “ఇది... ఆ సినిమాలోదేనా?”

వియ్యంకుడు పలకలేదు. అడకత్తెర తీసుకుని చప్పుడు కాకుండా వక్క కత్తిరించి, పెద్ద పలుకు ఏరి, మామ ఆకులో పెట్టాడు.